దీపం వెలిగింది కదా

మాణిక్యాంబ గారి భుజం మీద, చీర చెంగుకి పిన్నుతో గుచ్చిన ఆ చిన్న దీపం ఎంతసేపటికీ వెలగలేదు.

"మళ్ళీ చెప్పరా," అందావిడ పప్పులో నెయ్యి వేసుకుంటూ. "అమోనియా గొట్టంలోంచి వెళ్ళి రొయ్యల్ని చల్లబరుస్తుందన్నావు. లోపలికి వెళ్ళి ఏం చేస్తుంది, విసనకర్రతో విసురుతుందా?"

ఫణీంద్ర కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. భీమవరం అవతల రొయ్యల ప్లాంటులో మెయింటెనెన్సు ఇంజనీరు అతను. కంప్రెసరు శబ్దం విని దాని జబ్బేమిటో చెప్పగలడు గాని, ఆ జబ్బు పక్కవాడికి అర్థమయ్యేలా చెప్పమంటే నాలుక తడబడుతుంది.

"అంటే అమ్మా, లిక్విడ్ అమోనియా ఎవాపొరేటర్లోకి వెళ్ళినప్పుడు లేటెంట్ హీట్..."

"నాన్నా, బామ్మ దగ్గర ఇంకా కరెంటు పోయే ఉంది," అంది మేధ. ఇంటర్ చదువుతున్న ఆ పిల్లకి ఈ ఆట సరదాగా ఉంది.

ఫణీంద్ర భార్య హైమవతి కూర గిన్నె పట్టుకుని నవ్వాపుకుంటూ నిలబడింది. ఆ దీపం ఆమె తయారుచేసిందే. ఇంజనీర్లకి నాయకత్వం, మాట తీరు నేర్పే శిక్షణ సంస్థలో ఆమె ఎలక్ట్రానిక్స్ విభాగం చూస్తుంది. చెవి వెనక బొట్టుబిళ్ళంత అతుకు, జేబు మీద చొక్కా గుండీ అంత దీపం, అంతే ఆ పరికరం. ఎదుటివాడు చెప్పింది బుర్రకి అందగానే మెదడులో రెప్పపాటు సేపు ఒక కదలిక పుడుతుంది. అతుకు దాన్ని పట్టుకుంటుంది, దీపం పచ్చగా వెలుగుతుంది. అందకపోతే, నోటితో ఎన్నిసార్లు అవునన్నా వెలగదు.

గోదావరి జిల్లాలో పుట్టిపెరిగిన హైమవతికి ఇలాంటిదొకటి కావాలని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అనిపించింది. ఇక్కడ పైవాడు ఏం చెప్పినా కిందివాడు "ఆయ్" అంటాడు. అర్థమైనా "ఆయ్", అర్థం కాకపోయినా "ఆయ్". మళ్ళీ చెప్పమంటే పెద్దమనిషిని అవమానించినట్టు. ఆ "ఆయ్"ల వెనక ఎన్ని మోటార్లు కాలిపోయాయో, ఎన్ని వేళ్ళు తెగిపోయాయో ఆమె కళ్ళారా చూసింది.

ఫణీంద్ర కాసేపు ఆలోచించాడు. "అమ్మా, మొన్న ఇంజెక్షన్ ముందు నర్సు నీ చేతికి స్పిరిట్ రాసింది గుర్తుందా? ఎలా ఉంది?"

"చల్లగా ఉంది."

"ఆ స్పిరిట్ ఏమైంది?"

"ఏమౌతుంది, ఆరిపోయింది."

"ఆరిపోతూ నీ చేతిలో వేడి పట్టుకుపోయింది. అమోనియా పనీ అదే. గొట్టాల్లో ఆవిరైపోతూ రొయ్యల వేడి లాక్కుపోతుంది."

భుజం మీద పచ్చటి వెలుగు వచ్చింది. మాణిక్యాంబ తల వంచి దాన్ని చూసుకుంది. "ఈ మాట మొదటే చెప్పి ఉంటే అన్నం చల్లారేది కాదుగా," అంది.

ఫణీంద్ర ముఖం చూస్తే పరీక్షలో ఫస్టు వచ్చిన కుర్రాడిలా ఉంది. ఆ రోజు హైమవతికి కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు.

*

ప్లాంటుకి మెయింటెనెన్సు హెడ్డుని ఎంచుకోవలసి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. వరసకి ఆ కుర్చీ వీర్రాజుది. ఫణీంద్రకంటే ముందు చేరినవాడు, షిఫ్టు ఇంజనీరు, అందరికీ కావలసినవాడు. హైమవతిని "చెల్లెమ్మా" అని నోరారా పిలిచేవాడు. వాళ్ళావిడ కొత్తావకాయ పెడితే మొదటి జాడీ వీళ్ళింటికే వచ్చేది.

కాని యాజమాన్యం వారు కొత్త పద్ధతి కావాలన్నారు. హైమవతి వాళ్ళ శిక్షణ సంస్థ డైరెక్టరు ప్రసన్నకుమార్ ఆ పద్ధతి తయారుచేసి ఇచ్చాడు. ఇద్దరూ ఒకే పని గురించి జట్టుకి చెప్పాలి. ఎవరు ఎంత తొందరగా ఎన్ని దీపాలు వెలిగిస్తే వాళ్ళకి అన్ని మార్కులు.

"దీన్ని మార్కులకి వాడొచ్చా?" అన్న మాట ఆ మీటింగులో హైమవతి నాలుక చివరిదాకా వచ్చింది. డైరెక్టరుగారు బోర్డు మీద గ్రాఫులు గీస్తున్నారు. అందరి జేబుల మీదా దీపాలు వెలిగాయి, ఆమెదీ వెలిగింది. ఆయన చెప్పింది శుభ్రంగా అర్థమైంది మరి. ఆమె ఇంకేమీ అనలేదు.

పరీక్ష రోజున ఫణీంద్ర స్పిరిట్ లాంటి ఉపమానాలు నాలుగు సిద్ధం చేసుకుని వెళ్ళాడు. దీపాలు టపటపా వెలిగాయి. తరవాత వీర్రాజు లేచాడు. ఆయనది నిదానం. వాల్వు గురించి మొదలుపెట్టి, పాతికేళ్ళ కిందట ఆ వాల్వు బిగించిన మేస్త్రీ దగ్గరకి వెళ్ళి, అక్కణ్ణుంచి ఆ మేస్త్రీ కూతురి పెళ్ళి భోజనాల దాకా పోయి, చివరికి వాల్వు దగ్గరకి వచ్చాడు. దీపాలు ఒకటీ అరా ఆలస్యంగా వెలిగాయి. అంతా చెప్పాక ఆయన వెళ్ళి కూర్చోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి, "ఇంకేవండి? ఎవరన్నా ఏవన్నా అనాలా?" అన్నాడు.

ఎవరూ ఏమీ అనలేదు. ఆయన అలాగే నిలబడ్డాడు. చూసేవాళ్ళకి ఇబ్బందిగా అనిపించేంతసేపు నిలబడ్డాడు. కంప్యూటరు ఆ మౌనాన్ని వృథా కాలం కింద లెక్కగట్టి మార్కులు కోసేసింది.

ఫణీంద్ర హెడ్డయ్యాడు. మర్నాడు ప్లాంటు గేటు దగ్గర వీర్రాజు ఎదురై, "నమస్కారం మేడమ్," అని హైమవతికి దణ్ణం పెట్టి పక్కకి తప్పుకున్నాడు. ఆ ఏడు ఆవకాయ కాలం దాటినా జాడీ రాలేదు.

*

హెడ్డయ్యాక ఫణీంద్ర మాట బాగుపడింది. కాని ఇంకేదో పోయింది. అదేమిటో హైమవతికి వెంటనే తెలియలేదు.

పూర్వం తను చెప్పింది ఎదుటివాళ్ళకి అందిందో లేదోనని అతనికి ఎప్పుడూ అనుమానం ఉండేది. చెప్పిందే చెప్పేవాడు, ముఖాల్లోకి చూసేవాడు, టీ తాగుదాం రండని కుర్రాళ్ళని కాంటీనుకి తీసుకెళ్ళి మళ్ళీ అదే మాట కదిపేవాడు. ఇప్పుడా అవసరం లేదు. చెప్పేయడం, దీపాలు చూసుకోవడం, ఫైలు మూసేయడం.

ఇంట్లోనూ అంతే. శనివారం టిఫిను దగ్గర అందరి చేతా అతుకులు పెట్టించాడు. "వచ్చే నెల ప్లాంటు క్వార్టర్సుకి మారిపోదాం," అన్నాడు. అద్దె ఉండదన్నాడు, నీళ్ళకి ఇబ్బంది లేదన్నాడు, మేధ కాలేజీ బస్సు గేటు దగ్గరే ఆగుతుందన్నాడు. ఎక్కడా తడబడలేదు. మేధ దీపం వెలిగింది. హైమవతిది వెలిగింది. ఆఖరికి మాణిక్యాంబదీ వెలిగింది.

"చూశావా హైమా, ఒక్కసారి చెప్పానంతే," అని చెయ్యి కడుక్కుని లేచాడు.

ఆదివారం ప్లాంటులో పెద్ద పని పెట్టుకున్నారు. గడ్డకట్టించే గదికి అమోనియా తీసుకెళ్ళే గొట్టంలో పాత భాగం ఒకటి విప్పి కొత్తది వెయ్యాలి. హెడ్డుగా ఫణీంద్రకి అదే మొదటి పెద్ద పని. గొట్టంలో ఏ కాస్త అమోనియా మిగిలిపోయినా, నట్లు విప్పుతున్నవాడి ముఖం మీదకే తన్నుకొస్తుంది. కళ్ళు పోవచ్చు, ఊపిరితిత్తులు పోవచ్చు, మనిషే పోవచ్చు. శిక్షణ ఎంతవరకు పనికొస్తోందో చూసి రమ్మని ప్రసన్నకుమార్ హైమవతిని కూడా వెళ్ళమన్నాడు.

పొద్దున్న ఫణీంద్ర ముందే వెళ్ళిపోయాడు. హైమవతి బయల్దేరుతుంటే మాణిక్యాంబ గుమ్మంలో కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"క్వార్టర్సు ఎన్నో అంతస్తే?" అంది, తలెత్తకుండా.

"మూడోదండీ అత్తయ్యగారూ."

"లిఫ్టుందా?"

"లేదనుకుంటానండీ."

"ఊఁ. అయితే ఒకసారి ఎక్కానంటే మళ్ళీ నన్ను దింపేది నలుగురూ కలిసే."

హైమవతి చెప్పులు వేసుకోబోతూ ఆగిపోయింది. "మరి నిన్న చెప్పలేదేం? మీ దీపం కూడా వెలిగింది కదా."

"వెలక్కేం చేస్తుంది, అర్థమైతే. వాడు బాగానే చెప్పాడు." నూనె సీసా మూత పెట్టింది మాణిక్యాంబ. "ఇష్టమేనా అని అడిగితే కదా చెప్పడానికి. ఇదివరకు వాడు నా ముఖం చూసేవాడు. ఇప్పుడు భుజం చూస్తున్నాడు."

ఆటోలో కూర్చున్నాక కూడా ఆ మాట హైమవతిని వదల్లేదు. దారిలో రొయ్యల చెరువుల్లో గాలి చక్రాలు నీళ్ళు చిమ్ముతూ తిరుగుతున్నాయి. డైరెక్టరుగారి మీటింగులో తన భుజం మీద వెలిగిన దీపం ఆమెకి గుర్తొచ్చింది. అప్పుడు తనకి అర్థమైంది, నచ్చలేదు, నోరెత్తలేదు. ఆ మూడింటిలో దీపం చూపించింది మొదటిదాన్నే. తక్కిన రెండూ పట్టుకునే అతుకు తను చెయ్యలేదు. అలాంటిదొకటి చెయ్యడం అయ్యే పనే కాదేమో.

*

యంత్రాల షెడ్డు ముందు జట్టు వరసగా నిలబడి ఉంది. నట్లు విప్పవలసినవాళ్ళు రంగారావు, దావీదు. మెడలో మాస్కులు వేలాడేసుకుని ఉన్నారు. వీర్రాజు చివర్న గోడకి ఆనుకుని ఉన్నాడు. అందరి జేబుల మీదా గుండీ దీపాలు.

ఫణీంద్ర చక్కగా చెప్పాడు. "చెరువు ఎండగట్టేటప్పుడు ముందు తూము మూస్తాం, తరవాత ఉన్న నీళ్ళు తోడేస్తాం. ఇదీ అంతే. తూము మన పెద్ద వాల్వు, మూసేశాం. అవతల గొట్టంలో ఉన్న అమోనియా పొద్దుట్నుంచీ కంప్రెసరుతో లాగేస్తున్నాం. ప్రెషరు గేజీ సున్నా చూపిస్తోంది. ఇప్పుడు కంప్రెసరు ఆపి, నట్లు విప్పడమే."

దీపాలు ఒకదాని తరవాత ఒకటి వెలిగాయి. వీర్రాజుదీ వెలిగింది. హైమవతి చేతిలోని కంప్యూటరు పలక మీద అన్ని గళ్ళూ పచ్చగా మారాయి. ఇంతకుముందైతే ఆ పచ్చదనం చూసి మురిసిపోయేది. ఇప్పుడు మాత్రం ఆమె పలక దించేసి ముఖాలు చూసింది. రంగారావు నట్లు విప్పే పాన మీద చెయ్యి వేశాడు. వీర్రాజు తన బూట్ల వంక చూస్తున్నాడు.

చూడడానికి వచ్చినవాళ్ళు మధ్యలో మాట్లాడకూడదని నియమం. ఆ నియమం రాసింది కూడా హైమవతే. ఆమె గబగబా వెళ్ళి భర్త మోచెయ్యి పట్టుకుని పక్కకి లాగింది.

"ఏవండీ, అత్తయ్యగారికి క్వార్టర్సు ఇష్టం లేదు."

ఫణీంద్ర తెల్లబోయాడు. "నీకేమన్నా మతిపోయిందా? ఇప్పుడా ఆ సంగతి?"

"నిన్న ఆవిడ దీపం వెలిగింది కదా. ఇష్టం లేకపోయినా వెలిగింది. ఇక్కడ వెలిగినవాటిలో అలాంటివి ఎన్నున్నాయో మీకు తెలుసా?"

"హైమా, పనివాళ్ళు నిలబడి ఉన్నారు."

"వీర్రాజుగారు అడిగేవారు చూడండి, అలా అడగండి. అడిగి ఆగండి. ఎవరూ మాట్లాడకపోయినా ఆగండి."

ఆ పేరు వినగానే ఫణీంద్ర ముఖం గంటు పెట్టుకున్నట్టయింది. భర్త కోపంగా ఉన్నప్పుడు చెవులెర్రబడతాయని ఆమెకి తెలుసు. ఎర్రబడ్డాయి. అయినా ఆమె మోచెయ్యి వదల్లేదు.

అతను వెనక్కి వెళ్ళి గొంతు సవరించుకున్నాడు. "అందరికీ అర్థమైంది, సరే. ఎవరికన్నా ఏమన్నా అనాలనుందా?"

"లేదండి," అన్నారిద్దరు ముగ్గురు.

హైమవతి భర్తనే చూస్తోంది. ఆ ఖాళీని ఏదో మాటతో నింపెయ్యాలని అతని పెదవులు కదులుతున్నాయి. నింపలేదు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. ఐసు గదిలో ఎక్కడో నీటి చుక్క పడుతున్న చప్పుడు వినిపించింది. దావీదు దగ్గాడు. తరవాత ఏమనుకున్నాడో ఫణీంద్ర తన చెవి వెనక అతుకు పీకి జేబులో వేసుకున్నాడు.

"మీరూ తీసెయ్యండి. ఇప్పుడు ఎవరేమన్నా ఏ లెక్కలోకీ ఎక్కదు."

అతుకులు తీసేశారు. రంగారావు పాన ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"ఒక్క మాటండి సార్," అన్నాడు వీర్రాజు, గోడ దగ్గర్నుంచి కదలకుండానే. "తప్పయితే వదిలెయ్యండి. నాక్కూడా గట్టిగా తెలీదు."

"చెప్పండి."

"మొన్న నా షిఫ్టులో ఆ పెద్ద వాల్వు ఒకసారి మూశానండి. చక్రం ఆఖరిదాకా తిరిగింది, బిగుసుకుంది. కాని అవతల గొట్టం మీద మంచు కరగలేదండి. మూసేస్తే కరగాలి కదా. కాసేపు చూశాను, ఈలోగా ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాను. ఒక్కసారే చూశాను, పొరపాటే అయ్యుండొచ్చు."

"మరి గేజీ సున్నా చూపిస్తోందిగా?" అన్నాడు దావీదు.

"కంప్రెసరు లాగుతున్నంతసేపూ చూపిస్తుందయ్యా. వచ్చింది వచ్చినట్టే లాగేస్తోంది కదా. ఆపితే ఏం చూపిస్తుందో."

ఫణీంద్ర ఆయన వైపు తిరిగాడు. "ముందే ఎందుకు చెప్పలేదండీ?"

వీర్రాజు అప్పుడు తలెత్తాడు. "ఎలా చెప్పమంటారు? కుర్చీ మీకు రావడం నచ్చక మొదటి పనికే అడ్డం పడ్డాడంటారు. వాల్వు మంచిదైతే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

ఫణీంద్ర కంప్రెసరు ఆపమని చెయ్యి ఊపాడు. "నట్లు ముట్టుకోకండి. అందరూ వెనక్కి రండి. చూద్దాం."

అందరూ దూరంగా నిలబడి చూశారు. షెడ్డులో ఉక్క. పక్క గొట్టాల మీద మంచు నెమ్మదిగా జారి బొట్లు బొట్లుగా కారింది. విప్పవలసిన గొట్టం మీద మాత్రం కరగలేదు. కాసేపటికి దాని మీద కొత్తగా సన్నటి తెల్లటి నూగు పట్టడం హైమవతి కంటికే కనిపించింది. గేజీ ముల్లు సున్నా మీంచి లేచింది. వాల్వు మూసుకున్నట్టు కనిపిస్తూనే లోపల అమోనియాని వదిలిపెడుతోంది.

"ఓరి నాయనో," అన్నాడు దావీదు మెల్లగా. రంగారావు పాన కింద పెట్టి, ఆ చేతిని పంట్లాముకి తుడుచుకున్నాడు.

ఆ తరవాత కంగారు లేకుండా పనులు జరిగిపోయాయి. ట్యాంకు దగ్గర వాల్వు కూడా మూయించి, మొత్తం గొట్టం ఖాళీ చేసేదాకా పని వాయిదా వేశారు. సరుకుని ఇంకో ప్లాంటుకి లారీల్లో పంపించారు. యాజమాన్యం ఫోన్లో విసుక్కుంది. ఫణీంద్ర ఒక్కటే చెప్పాడు, "విసుక్కోండి సార్. అందరం ఇంటికెళ్తున్నాం, అది చాలు."

ఫోను పెట్టేసి షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. వీర్రాజు వచ్చి పక్కన కూర్చుని మంచినీళ్ళ సీసా అందించాడు.

"తాగు ఫణీ," అన్నాడు.

సార్ అనలేదు. కాస్త దూరంలో నిలబడిన హైమవతికి ఎందుకో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అమోనియా వాసన లేకపోయినా కొంగుతో ముక్కు మూసుకుని అటు తిరిగింది. పొద్దుట్నుంచీ గుండెల మీద ఉన్న బరువేదో దిగిపోయినట్టుంది.

"చెల్లెమ్మా, నీ బుడ్డిదీపం మంచిదేనమ్మా," అన్నాడు వీర్రాజు. "కాకపోతే చెప్పేవాడికి తొందర నేర్పుతోంది."

*

దీపాలతో మార్కులు వెయ్యడం ఆపేదాకా కొత్త పరికరాల మీద తను సంతకం పెట్టనని సోమవారం హైమవతి డైరెక్టరుకి చెప్పింది. ఈసారి నోటితో చెప్పింది. ప్రసన్నకుమార్ చాలాసేపు వాదించాడు. ఎన్ని కంపెనీలు అడుగుతున్నాయో చెప్పాడు. ఆఖరికి, "ఆలోచిద్దాం," అన్నాడు. అంటే ఒప్పుకున్నాడో లేదో తెలియదు. హెడ్డు కుర్చీ సంగతి కూడా ఏమీ తేలలేదు. వీర్రాజుని మళ్ళీ పరిశీలించమని ఫణీంద్ర కాగితం పెట్టాడు, యాజమాన్యం ఇంకా జవాబివ్వలేదు. పెద్ద పని ఏదైనా ఉంటే మాత్రం ఇప్పుడు ఫణీంద్ర చెప్పడం పూర్తికాగానే వీర్రాజు లేచి, "ఇంకేవండి?" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాడు. ఆ మౌనం మొదట్లో కుర్రాళ్ళకి నవ్వు తెప్పించేది. ఇప్పుడు ఎవరో ఒకరు ఏదో ఒకటి అంటున్నారు.

వారం తిరగకుండా ఒక సాయంత్రం ఆవకాయ జాడీ వచ్చింది. ఆలస్యంగా వచ్చినా ఊట బాగా ఊరింది.

ఆ పూట భోజనాల దగ్గర ఫణీంద్ర అన్నంలో ఆవకాయ కలుపుతూ తల్లివైపు తిరిగాడు. ఎవరి చెవి వెనకా అతుకులు లేవు.

"అమ్మా, క్వార్టర్సు సంగతి. నీకేమనిపిస్తోంది?"

మాణిక్యాంబ అప్పడం విరిచి తినడం మొదలుపెట్టింది. మేధ ఏదో అనబోతే హైమవతి కళ్ళతోనే వారించింది. ఫణీంద్ర ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆగాడు. అప్పడం మొత్తం అయ్యేదాకా ఆగాడు.

"మూడో అంతస్తు నావల్ల కాదురా," అంది చివరికి మాణిక్యాంబ. "పైగా ఇక్కడైతే మధ్యాహ్నం అష్టాచెమ్మాకి నలుగురొస్తారు. అక్కడ మెట్లెక్కి నాకోసం ఎవరొస్తారు? నీ అద్దె మిగులుతుందని తెలుసు. అందుకే ఊరుకున్నాను."

"సరే అమ్మా. అర్థమైంది. మారద్దులే."

మాణిక్యాంబ కొడుకు జేబు వంక ఒకసారి, చెవి వెనక ఒకసారి పరీక్షగా చూసింది.

"దీపం లేకుండా అర్థమైందంటే ఎలా నమ్మడంరా?" అంది. "వచ్చే నెల కూడా ఇక్కడే కూర్చుని అన్నం తింటుంటే నమ్ముతాను. కాస్త మజ్జిగ వెయ్యి."